సహకార సంఘాల రుణ పత్రాలు : లెక్క తెరమీద, కాగితం బీరువాలో

ఘంటసాల (కృష్ణా జిల్లా) : ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణ కృష్ణా డెల్టా సంఘాలకు ఒక కొత్త బాధ్యతను తెచ్చిపెట్టింది. లెడ్జరులో వ్రాసి ఉన్న పద్దును తెరమీదికి ఎక్కించటం ఒక ఎత్తు కాగా, ఆ పద్దుకు ఆధారమైన కాగితాన్ని పోకుండా, పాడవకుండా, అడిగిన నాడు చూపగలిగే విధంగా ఉంచటం మరొక ఎత్తు. మొదటి పనికి నిధులున్నాయి, గడువులున్నాయి, పురోగతి నివేదికలున్నాయి. రెండవ పని గురించి చర్చ తక్కువగా జరిగింది. రైతుకు వడ్డీ రాయితీ దక్కటం, కౌలుదారుకు పంట రుణం అందటం, బాకీ తీరిన పిమ్మట దస్తావేజు తిరిగి చేతికి రావటం ఈ రెండవ పనిమీదనే ఆధారపడి ఉన్నందున దీనిని ప్రత్యేకంగా పరిశీలించవలసి ఉన్నది.

దేశంలోని 63 వేల ప్రాథమిక సంఘాలను 2,516 కోట్ల రూపాయల వ్యయంతో కంప్యూటరీకరించే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2022 జూన్ 29న ఆమోదం తెలిపిన విషయం విదితమే. తదుపరి సంఘాల సంఖ్యను 67,930కి, వ్యయాన్ని 2,925.39 కోట్ల రూపాయలకు పెంచారు. నాబార్డు పర్యవేక్షణలో దేశమంతటికీ ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే ఖాతా పద్ధతి అమలుచేయటం, సంఘాన్ని జిల్లా సహకార కేంద్ర బ్యాంకుతోను, దానిని రాష్ట్ర సహకార బ్యాంకుతోను అనుసంధానించటం ఈ పథకం ఉద్దేశం. ఆంధ్రప్రదేశ్‌లో 2 వేలకు పైగా సంఘాలు దీని పరిధిలోకి వచ్చాయి. ఉమ్మడి ఖాతా పద్ధతి నిజానికి కొత్త ఆలోచన కాదు. వైద్యనాథన్ కమిటీ సిఫారసుల మేరకు 2006లో ప్రకటించిన పునరుద్ధరణ ప్యాకేజీలోనే అది చోటుచేసుకున్నది. నాటి ప్రయత్నం సగంలో ఆగిన చోట్ల ఒకే సంఘంలో మూడు తరాల రికార్డు నేడు పక్కపక్కనే కనిపిస్తుంది: బైండు చేసిన పాత లెడ్జర్లు, మధ్యకాలపు కంప్యూటరు ప్రింట్లు, ఇప్పటి సాఫ్ట్‌వేర్ పద్దులు. ఈ మూడింటిలో ఒకే సభ్యుని పేరు మూడు విధాలుగా ఉండటం సాధారణం.

డెల్టాలో ఒక పంట రుణం వెనుక ఎన్ని పత్రాలు ఉంటాయో బయటివారు ఊహించటం కష్టం. సభ్యత్వ దరఖాస్తు, వాటాధనం రసీదు, రుణ దరఖాస్తు, 1-బి నకలు, అడంగల్, ఆధార్ ప్రతి, ప్రోనోటు, హామీదారు సంతకాలు, రుణం మంజూరు చేసిన పాలకవర్గ తీర్మానం, చెల్లింపు వోచరు, జమ రసీదులు, ఏటా తీసుకునే బాకీ అంగీకార పత్రం ఒక కట్టలో ఉంటాయి. దీర్ఘకాలిక రుణమైతే తనఖా దస్తావేజు, ఈసీ, న్యాయవాది అభిప్రాయం అదనం. బంగారు నగల మీద ఇచ్చిన అప్పుకు అప్రైజరు ధ్రువపత్రం మరొకటి.

వీటిలో ప్రతి కాగితానికీ ఒక ఆయుష్షు ఉన్నది. ప్రోనోటు ఆధారంగా సివిల్ న్యాయస్థానానికి వెళ్లటానికి కాలపరిమితి చట్టం 3 సంవత్సరాల గడువు ఇచ్చింది. ఆ గడువు ముగియక ముందే రుణగ్రహీత బాకీని అంగీకరిస్తూ సంతకం చేస్తే నాటి నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. తనఖా ఆస్తిపై బాకీ వసూలుకు 12 సంవత్సరాలు. సహకార బ్యాంకులు తమ రికార్డులలో కొన్నిటిని 5 సంవత్సరాలు, మరికొన్నిటిని 8 సంవత్సరాలు ఉంచి తీరాలని 1985 నాటి నిబంధనలు చెబుతున్నాయి. మనీ లాండరింగ్ నిరోధక చట్టం ప్రకారం ఖాతాదారు గుర్తింపు పత్రాలను ఖాతా ముగిసిన తరువాత కూడా మరో 5 సంవత్సరాలు బ్యాంకులు భద్రపరచాలి. పాలకవర్గ తీర్మానాల పుస్తకాన్ని మాత్రం ఏనాడూ పారవేయరాదన్నది అనుభవజ్ఞులైన ఆడిటర్ల మాట. సహకార చట్టంలోని 51వ సెక్షన్ కింద విచారణ వచ్చిన రోజున మొదట అడిగేది దానినే.

ఇన్ని ఆయుష్షులను ఒక కార్యదర్శి, ఒకరిద్దరు సిబ్బంది జ్ఞాపకం ఉంచుకోవటం సాధ్యం కాదు. పత్ర నిర్వహణ వ్యవస్థ అంటే పెద్ద నగరాల ఆర్థిక సంస్థలు కొనుగోలు చేసే ఖరీదైన యంత్రాంగమన్న అభిప్రాయం ఉన్నది. వాస్తవానికి దాని సారం చిన్నది. ఏ కాగితం ఎక్కడ ఉన్నది, ఎవరు చూశారు, ఎప్పుడు మార్చారు, ఎంతవరకు ఉంచాలి అనే నాలుగు ప్రశ్నలకు ఎవరి జ్ఞాపకంతో నిమిత్తం లేకుండా సమాధానం దొరకాలి. మూడేళ్ల గడువు రెండు నెలలలో ముగియనున్న ప్రోనోట్ల జాబితాను ప్రతి సోమవారం ఉదయం కార్యదర్శి ముందు ఉంచగలిగిన సాఫ్ట్‌వేర్ సంఘానికి మిగిల్చే సొమ్ము, దానికయ్యే ఖర్చుకంటె ఎక్కువే ఉంటుంది.

ఇక రైతు వైపు నుంచి చూద్దాము. 3 లక్షల రూపాయల వరకు పంట రుణాన్ని గడువులోగా చెల్లించిన రైతుకు కేంద్రం 3 శాతం వడ్డీ ప్రోత్సాహకం ఇస్తున్నది. లక్ష రూపాయల రుణంపై ఏడాదికి ఇది 3 వేల రూపాయలు, 3 లక్షలపై 9 వేల రూపాయలు. చెల్లించిన తేదీ ఒక్కరోజు అటుఇటుగా నమోదైతే ఈ మొత్తం చేజారుతుంది. రైతు సొమ్ము కట్టింది సంఘం కౌంటరులో. ఆ పద్దు జిల్లా బ్యాంకుకు చేరింది మరునాడో ఆ మరునాడో. చేతిలో ఉన్న రసీదుపై ఒక తేదీ, పై బ్యాంకు ఖాతాలో మరొక తేదీ! ఏ రోజు లెక్క ఆ రోజే ముగించే విధానం వచ్చిన తరువాత ఈ తేడా తగ్గాలి. కంప్యూటరీకరణ ఫలితాన్ని అంచనా వేయటానికి అధికారులు చూడవలసిన మొదటి గుర్తు ఇదే తప్ప, ఎన్ని సంఘాలలో యంత్రాలు బిగించారన్న సంఖ్య కాదు.

రికార్డు సరిగా లేనప్పుడు నష్టం ఎవరికి అన్న ప్రశ్నకు దేశం ఒకసారి అంకెలలోనే సమాధానం చూసింది. 2008 నాటి వ్యవసాయ రుణ మాఫీ పథకంపై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక 2013 మార్చిలో పార్లమెంటు ముందుకు వచ్చింది. తనిఖీ చేసిన 90,576 ఖాతాలలో 22.32 శాతం ఖాతాలలో లోపాలు బయటపడ్డాయి. లబ్ధిదారుల జాబితాకు ఎక్కని 9,334 ఖాతాలను విడిగా పరిశీలించగా, వాటిలో 1,257 మంది అర్హులై ఉండి కూడా పథకానికి దూరమయ్యారని తేలింది. 2,824 కేసులలో రికార్డులను దిద్దిన ఆనవాళ్లు కనిపించాయి. లోపాలు పథకంలో కంటె పుస్తకాలలో ఎక్కువగా ఉన్నాయనటానికి ఈ చివరి అంకె చాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో కుటుంబానికి 1.50 లక్షల రూపాయల వరకు ప్రకటించిన రుణ ఉపశమనం సందర్భంలోనూ ఆధార్, రేషన్ కార్డు, భూమి వివరాలు ఒకదానితో ఒకటి సరిపోలక అనేకమంది రైతులు బ్యాంకుల చుట్టూ తిరగవలసి వచ్చింది.

దిద్దుబాటు ప్రస్తావన వచ్చింది కనుక బినామీ రుణాల సంగతి చెప్పుకోక తప్పదు. రాష్ట్రంలోని పలు సంఘాలలో సభ్యునికి తెలియకుండా అతని పేర రుణం పుట్టిన ఉదంతాలపై విచారణలు జరిగాయి. ఇటువంటి అక్రమాలకు పెద్ద తెలివి అవసరం లేదు. పాత లెడ్జరులో ఒక పేజీ, ఫైలులో ఒక నకలు సంతకం, తనిఖీకి వచ్చినవారి తొందర ఉంటే చాలు. కంపెనీలు వినియోగించే ఖాతా సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా చెరగకుండా నమోదై ఉండాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన అమలులోకి వచ్చింది. అది కంపెనీలకు వర్తించే నిబంధనే అయినా, అదే సూత్రం సహకార సంఘాలకూ అవసరమని వేరుగా చెప్పనక్కరలేదు. అయితే ఒక జాగ్రత్త ఉన్నది. పాత లెడ్జరులోని తప్పుడు పద్దును యథాతథంగా తెరమీదికి ఎక్కిస్తే, అది తప్పుడు పద్దుగానే ఉంటూ కంప్యూటరు ఇచ్చిన గౌరవాన్ని అదనంగా పొందుతుంది. పాత బాకీలను ఎక్కించే ముందు సభ్యునికి నోటీసు ఇచ్చి, బాకీ మొత్తాన్ని చదివి వినిపించి, అంగీకార సంతకం తీసుకోవటం ఎంత శ్రమ అయినా విడువరాని మెట్టు.

డెల్టాలో ఈ విషయం మరింత సున్నితం కావటానికి కారణం కౌలు సేద్యం. ఘంటసాల, మొవ్వ, చల్లపల్లి పరిసరాలలో వరి కోసి మినుము చల్లే చేతులు ఒకరివి, పాసు పుస్తకంలోని పేరు మరొకరిది కావటం సర్వసాధారణం. యజమాని హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉండవచ్చు. ఆ భూమి మీద పంట రుణం ఆయన పేర ఇప్పటికే ఉండవచ్చు. 2011లో రుణ అర్హత కార్డులు, 2019 చట్టం ద్వారా 11 నెలల కాలపరిమితితో పంట సాగుదారు హక్కు పత్రాలు వచ్చాయి. ఈ పత్రం భూమిపై యాజమాన్య హక్కునేమీ ఇవ్వదని చట్టంలో స్పష్టంగా ఉన్నప్పటికీ, దానికి యజమాని అంగీకారం కావలసి ఉండటంతో చాలామంది కౌలుదారులకు అది అందలేదు. ఈ-పంట నమోదులో సాగుదారు పేరు, వెబ్‌ల్యాండ్‌లో యజమాని పేరు, సంఘంలో రుణగ్రహీత పేరు ఒకే సర్వే నంబరు కింద పక్కపక్కన ఒకే తెరమీద కనిపించిన నాడు, పంట వేసినది ఎవరు, పంట పేర అప్పు తీసుకున్నది ఎవరు అన్నది రుజువులతో సహా తేలుతుంది. అది కొందరికి ఇబ్బంది కలిగించే సమాచారమే. పత్రాల అనుసంధానం ఆలస్యం కావటానికి సాంకేతిక కారణాలు మాత్రమే ఉన్నాయనుకోవటం అమాయకత్వం.

సర్వే నంబరు అన్న మాటలోనే మరొక చిక్కు దాగి ఉన్నది. 2020 డిసెంబరులో ప్రారంభమైన భూముల రీసర్వే పూర్తయిన గ్రామాలలో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సెల్ నంబర్లు వచ్చాయి. సంఘం బీరువాలోని తనఖా దస్తావేజులో పాత నంబరు, విస్తీర్ణం ఉంటాయి. వెబ్‌ల్యాండ్‌లో కొత్త నంబరు, కొన్నిచోట్ల కొద్దిగా మారిన విస్తీర్ణం ఉంటాయి. పాసు పుస్తకాన్ని బ్యాంకులో పెట్టుకోనక్కరలేకుండా రుణ భారాన్ని ఆన్‌లైన్‌లోనే నమోదు చేసే లోన్ ఛార్జ్ మాడ్యూల్ రైతులకు మేలు చేసిన మార్పు అనటంలో సందేహం లేదు. కాని పాత నంబరు మీద నమోదైన భారం కొత్త నంబరుకు సరిగా బదిలీ కాకపోతే, బాకీ తీరని భూమి భారం లేనిదిగాను, బాకీ తీరిన భూమి భారం ఉన్నదిగాను కనిపించే ప్రమాదం ఉన్నది. రెండు నంబర్లకు పొంతన చూపే పట్టికను ప్రతి సంఘమూ తన పరిధిలోని గ్రామాలకు తయారుచేసుకోవటం తక్షణ అవసరం. ఇందుకు గ్రామ రెవెన్యూ అధికారి, సర్వేయరు, సంఘం కార్యదర్శి ఒక పూట కలిసి కూర్చోవాలి. సాఫ్ట్‌వేర్ దానంతటది చేయగల పని కాదు ఇది.

దస్తావేజు తిరిగి ఇవ్వటం గురించి రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరు 13న జారీచేసిన ఆదేశాలు పత్రికలలో విస్తృతంగా వచ్చాయి. బాకీ పూర్తిగా తీరిన 30 రోజులలోగా ఆస్తి పత్రాలను తిరిగి ఇవ్వాలి, లేనిపక్షంలో జాప్యానికి రోజుకు 5 వేల రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. పత్రాలు పోయినా, పాడైనా నకళ్లు తెప్పించే ఖర్చు రుణదాతదే. అందుకు మరో 30 రోజుల వ్యవధి ఉంటుంది. 2023 డిసెంబరు 1 నుంచి వర్తించిన ఈ ఆదేశాల పరిధిలో వాణిజ్య బ్యాంకులు, రాష్ట్ర, జిల్లా కేంద్ర సహకార బ్యాంకులు, బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలు ఉన్నాయి. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం ఆ జాబితాలో లేదు. బ్యాంకింగ్ నియంత్రణ చట్టం ఈ సంఘాలకు వర్తించకపోవటమే ఇందుకు మూలం. అంటే ఒకే గ్రామంలో ఇద్దరు అన్నదమ్ములు ఒకే రోజున బాకీ తీర్చినా, వాణిజ్య బ్యాంకుకు వెళ్లిన తమ్మునికి రోజుకు 5 వేల రూపాయల రక్షణ ఉన్నది, సంఘంలో అప్పు తీసుకున్న అన్నకు లేదు. ఈ వ్యత్యాసాన్ని రాష్ట్ర సహకార శాఖ నిబంధనల ద్వారా సరిచేయటానికి అవకాశం ఉన్నది. విధాన నిర్ణేతలు దృష్టి సారించవలసిన అంశాలలో దీనిని ముందు వరుసలో పేర్కొనవచ్చు.

పత్రం పోతే ఏమవుతుందన్నది చిన్న సంఘాలకే పరిమితమైన సమస్య కాదు. అమెరికాలో గృహ రుణాల ప్రోనోట్లు, తనఖా పత్రాలు చేతులు మారి మారి, చివరికి అసలు పత్రం ఎక్కడ ఉన్నదో తెలియని స్థితిలో, చదవకుండానే వేలాది అఫిడవిట్లపై సంతకాలు చేసి ఇళ్లను జప్తు చేయించిన వ్యవహారం 2010లో బయటపడింది. 2012 ఫిబ్రవరిలో అయిదు పెద్ద సంస్థలు 49 రాష్ట్రాలతోను, కేంద్ర ప్రభుత్వంతోను దాదాపు 2,500 కోట్ల డాలర్ల మేర రాజీ కుదుర్చుకోవలసి వచ్చింది. కంప్యూటర్లకు కొరత లేని దేశంలో జరిగిన సంగతి ఇది.

లావాదేవీని నలుగురికీ తెలిసేలా నమోదు చేయటం ఈ ప్రాంతానికి పాత విద్యే. ఘంటసాలలో లభించిన ప్రాకృత శాసనాలు గృహపతుల, మహానావికుని దానాలను రాతిపై నమోదు చేశాయి. టాలెమీ పేర్కొన్న వర్తక కేంద్రం కంటకోస్సిల ఇదేనని చరిత్రకారులు భావిస్తారు. ఇక్కడికి సమీపంలోని మచిలీపట్నంలోనే డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 1980లో జాతీయమైన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. అదే యూనియన్ బ్యాంకు 2022లో రిజర్వు బ్యాంకు ఇన్నోవేషన్ హబ్‌తో కలిసి మధ్యప్రదేశ్‌లో కాగితం లేని కిసాన్ క్రెడిట్ కార్డు ప్రయోగానికి శ్రీకారం చుట్టింది.

ఇక తీరప్రాంత వాతావరణం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. మనుషులే మిగలని చోట కాగితాల ఊసు ఎవరెత్తుతారు? కాని బ్రతికి బయటపడినవారికి ఆ తరువాత భూమి, బాకీ, బీమా అన్నీ కాగితంతోనే ముడిపడతాయి. ఉప్పెన రాని సంవత్సరాలలోనూ తేమ, చెదలు, బూజు తమ పని తాము చేసుకుపోతుంటాయి. పత్రానికి లామినేషన్ చేయించటం రక్షణ అనుకునేవారు చాలామంది ఉన్నారు. లోపల చిక్కిన తేమ పోదు, వేడికి సిరా దెబ్బతినవచ్చు, ఆ పొరను తిరిగి తీయటమూ కష్టమే. పొడి కవరు, నేలకు ఎత్తయిన అర, ఏడాదికి ఒకసారి ఎండ తగలని గాలి - వీటికి మించిన ఉపాయం లేదు. స్కాన్ ప్రతి ఒకటి సంఘం బయట, సాధ్యమైతే తీరానికి దూరంగా ఉండే సర్వరులో ఉండాలి. అదే గదిలోని మరొక కంప్యూటరులో దాచిన ప్రతిని రెండవ ప్రతిగా లెక్కించరాదు.

స్కానింగ్ అంటే ఫోనుతో ఫొటో తీయటం కాదని సిబ్బందికి శిక్షణలో స్పష్టం చేయాలి. అంగుళానికి 300 చుక్కల స్పష్టత, రెండు వైపులా, రెవెన్యూ స్టాంపు మీదుగా చేసిన సంతకంతో సహా కనిపించాలి. ప్రోనోటు వెనుక వ్రాసిన జమలు విడిచిపెట్టటం తరచుగా జరిగే పొరపాటు. ఫైలుకు సభ్యుని పేరు కాక సభ్యత్వ సంఖ్య, రుణ సంఖ్య ఆధారంగా పేరు పెట్టాలి. ఒకే ఊరిలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరుతో నలుగురు ఉండే డెల్టాలో ఇది తప్పనిసరి. ఈ పనికి ప్రైవేటు సంస్థలను నియోగించినపుడు పుస్తకాలు సంఘం గడప దాటకుండా, ఆధార్ ప్రతులు ఇతరుల చేతిలో మిగలకుండా ఒప్పందంలోనే షరతు ఉండాలి.

న్యాయస్థానంలో స్కాన్ ప్రతి విలువ ఎంత అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. బ్యాంకుల విషయంలో 1891 నాటి బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం కంప్యూటరు ప్రతులకు కూడా దారి ఇచ్చింది. సాధారణంగా ఎలక్ట్రానిక్ రికార్డుకు 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ వర్తిస్తుంది. దాని ప్రకారం జతపరచే ధ్రువపత్రం రెండు భాగాలుగా ఉంటుంది. ఒకటి రికార్డు ఉంచినవారిది, రెండవది నిపుణునిది. ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువను అందులో వ్రాయాలి. గ్రామ సంఘం కార్యదర్శి ఆ నిపుణుని సంతకం కోసం ఎక్కడికి వెళ్లాలి? జిల్లా సహకార కేంద్ర బ్యాంకు స్థాయిలో ఒక అర్హుడైన సాంకేతిక నిపుణుని ఇందుకు అందుబాటులో ఉంచటం ఆచరణయోగ్యంగా కనిపిస్తున్నది.

అంతకంటె ముఖ్యమైన పరిమితి ప్రోనోటు విషయంలో ఉన్నది. సమాచార సాంకేతిక చట్టం 2000 ప్రకారం చెక్కు మినహా ప్రోనోటు వంటి పత్రాలు ఎలక్ట్రానిక్ రూపంలో చెల్లవు. 2022లో ఈ నిబంధనను సడలించి, రిజర్వు బ్యాంకు, సెబీ వంటి నియంత్రణ సంస్థల అజమాయిషీలో ఉన్న సంస్థల పేర వ్రాసే డిమాండు ప్రోనోటుకు అవకాశం కల్పించారు. ప్రాథమిక సంఘం రిజర్వు బ్యాంకు అజమాయిషీలోకి రాదు గనుక సంఘం పేర వ్రాసే ప్రోనోటు కాగితంపైనే, స్టాంపుతోనే, సిరా సంతకంతోనే ఉండవలసి వస్తున్నది. స్కాన్ అయిపోయిందని అసలు ప్రోనోటును కట్ట కట్టి అటక ఎక్కిస్తే దావా వేసే హక్కును అటక ఎక్కించినట్లే.

కనుక సంఘాలు పాత రికార్డునంతటినీ ఒకేసారి స్కాన్ చేయటానికి పూనుకోవటం కంటె వరుస నిర్ణయించుకోవటం మేలు. మూడేళ్ల గడువు సమీపిస్తున్న ప్రోనోట్లు మొదట, రైతుల తనఖా దస్తావేజులు ఆ తరువాత, బంగారు నగల అప్పుల పత్రాలు, తీర్మానాల పుస్తకాలు వాటి వెనుక రావాలి. బాకీ తీరి 8 సంవత్సరాలు దాటిన వోచర్లను పాలకవర్గ తీర్మానంతో, ఆడిటరు అనుమతితో, జాబితా వ్రాసి తొలగించవచ్చు. కొత్త ఖరీఫ్ రుణాల పత్రాలను మాత్రం మంజూరైన రోజునే స్కాన్ చేసి, అసలు ప్రోనోటు ఏ బీరువాలో, ఏ అరలో ఉన్నదో ఆ రుణ ఖాతా పక్కనే నమోదు చేయాలి.